ఆ గింజల్లో మల్లెపూలు లేవు

నేను పనిచేసిన కాఫీ కంపెనీ ఈమధ్య తన కథను పుస్తకంగా వేసింది. నున్నటి కాగితం, బరువైన అట్ట. గింజలు వేయించే యంత్రానికి రెండు పేజీలు ఇచ్చారు. గేటు దగ్గర పడుకునే కుక్కకు అరపేజీ ఫోటో వేశారు. నేనూ ఉన్నాను, ఒక ఫోటోలో, మోచెయ్యి వరకు. దాని కింద "రుచి చూసే బల్ల దగ్గర మా బృందం" అని రాసి, కనబడే నలుగురి గురించి నాలుగు మంచి మాటలు అన్నారు. మోచేతికి ఏమీ దక్కలేదు. పుస్తకం వేసినవాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. ఆ రెండూ అందాయో లేదో చెప్పమని మూడోది రాశాను. బెంగళూరు పీణ్యలో ఆ షెడ్డు మొదలైన నాటి నుంచి నేను వేయించి, రుచి చూసి, తలూపిన గింజలే ఈ ఊళ్లో ఎంతోమంది పొద్దున్నే తాగారు. ఆ పని ఎలా చేశావయ్యా అని అడిగినవాళ్లు ఒక్కరు తప్ప ఇంతవరకు లేరు. అడగకపోయినా చెప్పడం నాకు అలవాటే కాబట్టి చెబుతున్నాను.

చిన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మీరిప్పుడు పొడి కొనడం మానేసి గింజలు కొంటున్నారు, ప్యాకెట్టు తిప్పి ఏ రోజు వేయించారో చూస్తున్నారు. సంతోషం. మా కాలంలో ఆ తేదీ మాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. కానీ తేదీ చూసి "పొద్దున వేయించింది, సాయంత్రం తాగేద్దాం" అని పరిగెత్తకండి. యంత్రం నుంచి దిగిన గింజ కడుపులో గాలి ఉంటుంది. నాలుగైదు రోజులు దాన్ని ఊపిరి వదలనివ్వాలి. తొందరపడి మరపట్టుకుంటే నాలుక మీద గరగరలాడుతుంది, అసలు రుచి మాత్రం రాదు. ఇంకొకటి. గింజ పక్కనున్న వాసనను తనలోకి లాక్కుంటుంది. ఇంగువ డబ్బా పక్కన పెడితే ఇంగువ కాఫీ తాగుతారు. ఫ్రిజ్‌లో రాత్రి సాంబారు పక్కన పెడితే ఏం తాగుతారో నేను చెప్పక్కర్లేదు. నా కథంతా ఈ రెండు సంగతుల మధ్యే జరిగింది.

మా షెడ్డులో వేపుడు హాలు వెనక ఒక గది ఉండేది. వేయించిన గింజలను పెద్ద స్టీలు డ్రమ్ముల్లో పోసి, మూత బిగించకుండా పైన పలచటి గుడ్డ కట్టి, ఆ గదిలో పెట్టేవాళ్లం. విశ్రాంతి గది అనేవాళ్లం. కంపెనీలో విశ్రాంతి దొరికింది గింజలకే. నాలుగైదు రోజులయ్యాక ప్రతి డ్రమ్ము నుంచి గుప్పెడు తీసి, బరకగా మరపట్టి, కప్పుల్లో వేసి వేడినీళ్లు పోస్తాం. పైన పొడి తెట్టుకట్టి తేలుతుంది. నాలుగు నిమిషాలాగి చెంచాతో ఆ తెట్టు విరిచి, ముక్కు కప్పులో పెట్టినంత దగ్గరగా పెట్టి పీలుస్తాం. తర్వాత చెంచాడు తీసుకుని జుర్రుమని లాగాలి. ఎంత గట్టిగా లాగితే అంత మంచిది, కాఫీ నోరంతా చిమ్మాలి. తర్వాత ఉమ్మెయ్యాలి.

ఆ చప్పుడు అవతల ప్యాకింగ్ సెక్షను దాకా వినబడేది. అక్కడి ఆడవాళ్లకు పెద్ద ఒక హిందూపురం మనిషి. వయసులో నాకన్నా చిన్నదే, కానీ అందరికీ ప్యాకింగ్ అక్క, నాకూ అక్కే. నేను జుర్రడం మొదలుపెట్టగానే అక్కడినుంచి అరిచేది.

"అన్న మొదలుపెట్టినాడే! తలుపేయండి, కోళ్లన్నీ మేత అనుకోని లోపలికొస్తాయి!"

నేను రుచి చెప్పే తీరు నాది. "దీంట్లో పాత బెల్లం ఉంది", "ఇది వేయించిన వేరుశెనగ పొట్టు", "ఈ బస్తా ఎక్కడో తడిసింది, గోనె వాసన". మా మేనేజరు దాన్నే ఇంగ్లీషులోకి మార్చి కొనేవాళ్లకు చెప్పేవాడు. ఆయనది పాత బెంగళూరే. మా ఇంటివాళ్లలాగే నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. చాలా ఏళ్లు అలాగే నడిచింది. తర్వాత బ్రూక్‌ఫీల్డ్ వైపు కాఫీ షాపులు పుట్టుకొచ్చాయి. వాళ్లు నేరుగా వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాళ్లు, రుచి చూసినవాడితోనే మాట్లాడేవాళ్లు. నేను "పాత బెల్లం" అంటే వాళ్లు మేనేజరు మొహం చూసేవాళ్లు.

ఒక సోమవారం నేను వచ్చేసరికి బల్ల దగ్గర గుంటూరు అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. రుచి చూడటంలో కోర్సు చేసి పాసైందట, చేతిలో రుచుల పేర్లు రాసిన రంగురంగుల చక్రం అచ్చేసిన అట్ట ఉంది. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. నా చెంచా కోసం చూస్తే వంటగదిలో చక్కెర డబ్బాలో దొరికింది. మేనేజరు నలుగురి ముందూ నా భుజం తట్టాడు.

"ఇంక మీరు వేపుడు చూసుకోండప్పా. వయసు మీదపడితే నాలుక మొద్దుబారుతుంది. అందరికీ అయ్యేదే, దాంట్లో తప్పేముండాది?"

నా నాలుక మొద్దుబారిందని ఏ రోజు, ఏ కప్పు దగ్గర కనుక్కున్నారో చెప్పమని ఆ సాయంత్రమే కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. చొక్కాతోపాటు ఉతుక్కుపోయి ఉంటుంది.

అమ్మాయి మీద నాకు కోపం ఉండాల్సింది. ఉంచుకోవడానికి ప్రయత్నించాను కూడా. కానీ ఆ పిల్ల రెండో రోజే నా దగ్గరికొచ్చి, "అంకుల్, తడిసిన గోనె స్మెల్ ఎలా పట్టుకుంటారు? నాకు చూపించరా?" అని అడిగింది. ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. చూపించాను. నా మాటలన్నీ నోటుబుక్కులో రాసుకునేది.

దసరా అయిన కొన్నాళ్లకు చిక్కమగళూరు వైపునుంచి ఒక తోట గింజలు వచ్చాయి. మంచి గింజలు, ఒకే సైజు. నేనే వేయించాను. ఐదో రోజు అమ్మాయి రుచి చూసి బల్ల దగ్గర గెంతినంత పని చేసింది.

"సార్, జాస్మిన్! క్లియర్‌గా ఫ్లోరల్ నోట్ వస్తోంది!"

మేనేజరు రుచి చూశాడు. ఆయనకూ మల్లెపూలే. ఎవరూ చూడనప్పుడు మిగిలిన కప్పులో నేనూ చెంచా ముంచాను. మల్లె ఉంది, నిజమే. కానీ చెట్టు మీది మల్లె కాదు. ఎండిపోయిన, పొడికొట్టిన, నూనె కలిపిన మల్లె. నోట్లో నుంచి వెళ్లిపోయాక బొగ్గుపొడి మిగిలినట్టుంది.

"ఇది ఊదుబత్తి" అన్నాను.

"ఊదుబత్తా?" మేనేజరు నవ్వాడు. "నేను చెప్తా ఉంటే నమ్మలేదు కదప్పా. నాలుకతోపాటు ముక్కు కూడా పోయింది మీకు."

వారం తిరక్కుండా ప్యాకెట్టు మీద మల్లెపూల బొమ్మ అచ్చయింది. బ్రూక్‌ఫీల్డ్‌లో మా దగ్గర కొనే ఒక కాఫీ షాపులో అది అన్నిటికన్నా ముందు అయిపోయేది. సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లంతా కలిసి ఒకేసారి తెప్పించుకునేవాళ్లు. ఊరంతా మెచ్చుకుంటున్న తప్పును ఎత్తిచూపడం ఎంత కష్టమో మీకు ఎప్పుడైనా తెలిసొస్తుంది. నేను మాత్రం వారానికొక ఉత్తరం చొప్పున మేనేజరుకు రాశాను. ప్రతి ఉత్తరంలో రెండు సంగతులే: ఒకటి, ఆ వాసన గింజది కాదు. రెండు, నా నాలుక పోలేదు. దేనికీ జవాబు రాలేదు.

దొంగ ఎవరో నాకు ముందే తెలుసు అనుకున్నాను. మా విశ్రాంతి గది గోడకు అవతల ఊదుబత్తులు చేసే షెడ్డు ఉండేది. గోడకు పైన గాలి కోసం వదిలిన కంత ఉంది. వెళ్లి ఆ యజమానిని నిలదీశాను. పెద్దమనిషి. చేతులకు గంధం పొడి అంటుకుని ఉంది.

"మాదంతా గంధమే స్వామీ. మల్లె మేం చేసేదే లేదు. కావాలంటే లోపలికొచ్చి చూడు" అన్నాడు.

దొంగ తలుపు తీసి చూడమంటే మనం లోపలికి పోతామా? నేను పోలేదు. తిరిగొచ్చి కంతకు గోనెసంచులు అడ్డం కొట్టాను. మేకులు కొడుతుంటే ప్యాకింగ్ అక్క తలుపు దగ్గర నిలబడింది.

"ఏమన్నా, గోడకు గోతాలు కట్టి పెండ్లి చేస్తా ఉండావా?"

"పక్కషెడ్డు వాసన లోపలికొస్తోంది."

"గుడి వాసన ఉండాది, నిజమే. కానీ అది గోడనుంచి కాదన్నా, పైనుంచి..."

"రోజంతా పాలిథీన్ కవర్లకు సీలు వేసే ముక్కు నీది. నీకేం తెలుస్తుంది, పో."

ఆమె మూతి తిప్పుకుని పోయింది. ఆమె అన్న మొదటి సగం నాకు పనికొచ్చింది కాబట్టి, "గదిలో గుడి వాసన ఉందని ప్యాకింగ్ సెక్షనువాళ్లు కూడా అంటున్నారు" అని తర్వాతి ఉత్తరంలో రాశాను. రెండో సగం రాయలేదు. వినలేదు కాబట్టి.

గోనెలు కొట్టినా మల్లె పోలేదు. ఇంకో మూడు గోనెలు కొట్టాను.

ఈలోగా బ్రూక్‌ఫీల్డ్ కాఫీ షాపు యజమాని వస్తున్నాడని తెలిసింది. మల్లె కాఫీ తన షాపులో ఏడాదంతా ఉండాలట. దానికి ఒప్పందం రాసుకుంటారట. అంటే ఆ తోట పంట మొత్తం మల్లె పేరు మీద మేం కొనాలి. నాకు నిద్రపట్టలేదంటే అబద్ధం. బాగానే పట్టింది. కానీ పొద్దున లేవగానే ఒకటే ఆలోచన: ఆ కాగితం మీద సంతకం పడిందంటే ఆ గింజలో మల్లె ఉందని రుజువైపోయినట్టే, నా నాలుక చచ్చిందని రుజువైపోయినట్టే. రిటైరవడానికి నాకు ఏడాదిన్నర ఉంది. ఆ మాట మోసుకుని ఇంటికి పోవడం నాకు ఇష్టం లేదు.

అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "ఒకే బస్తా, ఒకే వేపుడు. సగం ఎప్పటిలా విశ్రాంతి గదిలో పెడదాం. సగం ఇంకెక్కడైనా పెడదాం. ఐదో రోజు రెండూ కప్పుల్లో పోసి, పేర్లు లేకుండా బల్లమీద పెట్టు. గింజలోనే మల్లె ఉంటే రెండింట్లోనూ ఉంటుంది."

ఆమె నోటుబుక్కు మూసింది. తను పట్టుకున్న మొదటి గొప్ప రుచి అది. పరీక్ష పెడితే పోయేది ఆమె పేరు కూడా.

"ఓకే అంకుల్. కానీ సార్‌కి నేనే చెప్తాను. మీరు చెప్తే ఒప్పుకోరు."

మిగిలిన సగం ఎక్కడ పెట్టాలి? ప్యాకింగ్ సెక్షనులో కొత్త స్టీలు డబ్బా ఉంది. అక్కను అడగాల్సి వచ్చింది.

"పెట్టుకోన్నా" అంది. "పాలిథీన్ వాసన వస్తే మళ్లీ నన్ను అనేవు."

మేనేజరును అమ్మాయే ఒప్పించింది. కాఫీ షాపు యజమాని వచ్చిన ఐదో రోజున బల్లమీద ఆరు కప్పులు. మూడు విశ్రాంతి గదివి, మూడు అక్క డబ్బావి, కలిపి పెట్టారు. కప్పుల అడుగున మాత్రం గుర్తు ఉంది, పైకి కనబడదు. ఒకవైపు కాఫీ షాపు యజమాని, ఒకవైపు మేనేజరు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. అమ్మాయి ఒక చెంచా కడిగి నా చేతికిచ్చింది. అక్క ఏదో పని ఉన్నట్టు టేపు చుట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

నేను తెట్టు విరిచాను. పీల్చాను. జుర్రాను. తలుపు దగ్గరనుంచి ఆ రోజు కోళ్ల మాట రాలేదు. ఒకటో కప్పు ముందుకు తోశాను, రెండోది వెనక్కి, మూడోది వెనక్కి, నాలుగు ముందుకు, ఐదు ముందుకు, ఆరు వెనక్కి.

"ముందున్నవి ఊదుబత్తి. వెనకున్నవి కాఫీ" అన్నాను.

అమ్మాయి తానూ రుచి చూసింది. ముందు మూడు, వెనక మూడు, మళ్లీ ముందు మూడు. తర్వాత కప్పులు ఒక్కొక్కటే ఎత్తి అడుగు చూపించింది. ముందున్న మూడూ విశ్రాంతి గదివే.

"సార్," అంది మేనేజరుతో, "అంకుల్ కరెక్ట్. జాస్మిన్ గింజది కాదు. నాదే పొరపాటు."

కాఫీ షాపు యజమాని చెంచా కిందపెట్టి కన్నడంలో అడిగాడు: "అంటే ఇన్నాళ్లూ నేను జనంతో ఊదుబత్తి తాగించానా?"

నేను ఎదురుచూసిన నిమిషం అదే. లేచి నిలబడి, విశ్రాంతి గది వైపు వేలు చూపించి, పక్కషెడ్డు గురించి, కంత గురించి, నా గోనెల గురించి, నా ఉత్తరాల గురించి మొదలుపెట్టాను. చాలాసేపు మాట్లాడాను. మధ్యలో అక్క లోపలికొచ్చింది.

"అన్నా, గోడను వదిలిపెట్టు. నాతో రా. మీరూ రండి సార్."

అందర్నీ విశ్రాంతి గదిలోకి తీసుకుపోయింది. ఆ తోట గింజల డ్రమ్ములు పెట్టే మూలలో, వాటికి సరిగ్గా పైన గోడకు ఒక చెక్క అలమర ఉంది, తలుపు సరిగ్గా పడదు. స్టూలు వేసుకుని ఆ తలుపు తెరిచింది. లోపల మల్లె ఊదుబత్తుల కట్టలు, ఒకదానిమీద ఒకటి, నిండుగా.

అవి నావి.

ప్రతిరోజూ పొద్దున యంత్రం వెలిగించే ముందు దానికి రెండు ఊదుబత్తులు చూపించి దండం పెట్టడం మా షెడ్డులో మొదటినుంచీ ఉన్న పద్ధతి, ఆ పని నాది. పీణ్యలో ఏ మిషను షాపులోకి పోయినా ఇదే చూస్తారు. ఆ ఏడాది ఆయుధపూజకు ప్యాకింగ్ ఆడవాళ్లు చందా వేసుకుని మల్లె ఊదుబత్తులు పెద్ద ఎత్తున తెచ్చారు, చాలా మిగిలాయి. పారెయ్యడం నాకు చేతకాదు. చెమ్మ తగలని చోటు కోసం వెతికాను. షెడ్డు మొత్తంలో పొడిగా ఉండే గది ఏది? విశ్రాంతి గది. రోజువారీకి కొన్ని కట్టలు యంత్రం దగ్గర ఉంచుకుని, మిగిలినవి నేనే స్టూలు వేసుకుని, నేనే సర్ది, నేనే మరిచిపోయాను. రోజూ అవే వెలిగించేవాణ్ణి కదా, ఆ గదిలో ఆ వాసన నా ముక్కుకు వాసనలా తగల్లేదు. కప్పులో మాత్రం తగిలింది.

"నేను ఆ రోజే చెప్పబోతి" అంది అక్క, స్టూలు మీదనుంచే. "వినే చెవి ఉండాలి గదా. అన్నకు ఉండేదంతా నాలుకే."

ముందు కాఫీ షాపు యజమాని నవ్వాడు. తర్వాత అమ్మాయి. తర్వాత అక్క నవ్వి స్టూలు దిగలేక అలమర పట్టుకుంది. మేనేజరు మాత్రం నవ్వలేదు. ఆయనకు కూడా ఒక నిమిషం దొరికింది కదా.

"అంటే తప్పు మీదేనప్పా."

"తప్పు నాదే" అన్నాను. "నాలుకా నాదే."

ఆ రోజు ఒప్పందం పోలేదు. కాఫీ షాపు యజమాని బల్ల దగ్గరికి తిరిగొచ్చి వెనక వరసలో కప్పు తీసుకుని నిదానంగా తాగాడు. ఉమ్మలేదు, మింగాడు. ఇందులో ఏముందని నన్ను అడిగాడు. పాత బెల్లం, చివర్లో కమలా తొక్క అన్నాను. అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. బెల్లమే బాగుందని, దాన్నే ఏడాదంతటికీ ఒప్పందం రాసుకున్నాడు. ఊదుబత్తుల కట్టలు పట్టుకుని పక్కషెడ్డుకు వెళ్లాను. పెద్దమనిషి వాటిని వాసన చూసి, "నాసిరకం సరుకు స్వామీ" అన్నాడు. క్షమించమని అడిగాను. ఒక గంధం ప్యాకెట్టు ఇచ్చాడు. దాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పెట్టాను.

అక్కను కూడా క్షమించమని అడగాలి. అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. "ఏం లేదులే అన్నా, కాఫీ తాగు" అని పొడి కాఫీ ఇచ్చింది. చికోరీ సగం ఉంది. బాగుంది.

మల్లె బొమ్మ ప్యాకెట్లు ఆగిపోయాక సర్జాపుర ఆడవాళ్లు ఊరుకోలేదు. మా మల్లె కాఫీ ఏమైంది, ఎందుకు ఆపారు అని ఒకటే ఫిర్యాదులు. మేనేజరు ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాశాడు. గౌరవనీయులైన మేడమ్ గారికి అని మొదలుపెట్టి, పేరు పేరునా. నేను చూశాను.

మిగిలిన ఏడాదిన్నర నేనూ ఆ అమ్మాయీ ఆ బల్ల దగ్గర పక్కపక్కనే నిలబడ్డాం. నేను రుచి చెబితే ఆమె దానికి పేరు పెట్టేది. "తడిసిన గోనె" అనే మాట ఇప్పుడు ఆ కంపెనీ కాగితాల్లో తెలుగులోనే ఉందట. ఆ అమ్మాయి నెలకోసారి మా ఇంటికి ఒక ప్యాకెట్టు పంపుతుంది. నేను ఐదు రోజులు ఆగుతాను. దేవుడి గదికీ, ఇంగువకూ దూరంగా, పడకగదిలో బట్టల బీరువా పక్కన స్టీలు డబ్బాలో పెట్టుకుంటాను. మా ఆవిడ దానికి ఒప్పుకోవడానికి కూడా కొంత ఉత్తర ప్రత్యుత్తరం నడిచింది. పొద్దున చెంచాతో జుర్రుతాను. ఇప్పుడు ఉమ్మను. హాయిగా ఉంది. మీరు నమ్మకపోతే నేనేం చెయ్యలేను.

ఇక మేనేజరు గారికి. సార్, మీరు రిటైరై ఇంట్లోనే ఉన్నారని, తెలుగు పుస్తకాలు చదువుతున్నారని అమ్మాయి చెప్పింది. ఇది మీ కంట పడుతుంది. ఊదుబత్తుల సంగతిలో తప్పు నాదని నేను అప్పుడే రాసిచ్చాను, ఇప్పుడు అచ్చులో కూడా ఒప్పుకున్నాను. ఆ ఉత్తరంలోనే కింద ఒక ప్రశ్న అడిగాను. ఆ సోమవారం మీరు నన్ను బల్ల దగ్గరనుంచి పక్కకు జరిపింది నా నాలుక పోయిందని నమ్మేనా, లేక నాకు ఇంగ్లీషు రాదనా? మొదటిదైతే అది ఆరు కప్పులతో తేలిపోయింది, దాని గురించి ఇంక మాట్లాడను. రెండోదైతే అప్పుడే చెప్పాల్సింది. నేను కోప్పడేవాణ్ణే, కానీ అది నిజమైన మాటమీద కోపం అయ్యేది. రెండింట్లో ఏదో ఒక్క ముక్కలో రాయండి. తెలుగులో రాయండి, కన్నడంలో రాసినా చదువుకుంటాను. ఇంగ్లీషులోనే వస్తుందంటే అలాగే కానివ్వండి, ఆ అమ్మాయి చదివి చెబుతుంది. జవాబు మాత్రం రాయండి.